ఆగడం నేర్పే చదువు

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, వైద్యరంగ చదువుల గురించి తెలుగు కుటుంబాల కోసం జరిగిన సభలో ఒక ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ (పీటీఏ) కోర్సు అధ్యాపకురాలి ప్రసంగ పాఠం.

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు ముందు వరసల్లోకి వచ్చేయండి, మీతో పని ఉంది.

మాట్లాడే ముందు ఒక చిన్న పరీక్ష పెడతాను. ఈ మధ్య మోకాలి ఆపరేషనో తుంటి ఆపరేషనో అయినవాళ్ళు, లేస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ఊరికే చూడండి చాలు. మిగతావాళ్ళు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. పాదాలు ముందుకు చాపండి. చేతులు గుండెల మీద కట్టుకోండి. ఇప్పుడు నడుము వంచకుండా, చేతులు విప్పకుండా లేవండి.

లేవలేకపోతున్నారు కదా. జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు కూడా కూర్చునే ఉన్నారు. సరే. ఇప్పుడు కుర్చీ అంచుకు జరగండి. పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి తెచ్చుకోండి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగండి. ఆ ఊపులో లేవండి. లేచారు, చూశారా.

ఈ అర నిమిషంలో మీ కాళ్ళకు కొత్తగా బలమేమీ రాలేదు. ఒంటి బరువు పాదాల మీదికి వచ్చింది, అంతే. రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేస్తామో లెక్కలేదు, కానీ ఎలా లేస్తున్నామో మనం ఏనాడూ చూసుకోం. పక్షవాతం వచ్చిన మనిషి మాత్రం దీన్ని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పాదం ఎక్కడ పెట్టాలి, ఎంత వంగాలి, ఎప్పుడు లేవాలి అని పక్కనుండి నేర్పేవాళ్ళు ఒకరు కావాలి. అలాంటి వాళ్ళను తయారు చేయడం నా ఉద్యోగం. వాళ్ళను ఈ దేశంలో ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ అంటారు, పొట్టిగా పీటీఏ.

నేను కూడా ఈ కోర్సు చదివే వచ్చాను. చేరిన కొత్తలో బాపట్ల నుంచి మా నాన్నగారు ఫోన్లో, "అసిస్టెంట్ అంటే కాంపౌండర్ లాంటిదా అమ్మా?" అని అడిగారు. చిన్నచూపుతో అడగలేదు, బెంగతో అడిగారు. కూతురు అంత దూరం వెళ్ళి ఎవరి చేతి కింద ఉంటుందోనని. నాకప్పుడు సరైన జవాబు తోచలేదు. "కాదు నాన్నా, వేరే" అని ఊరుకున్నాను. ఈ సభకు పిలిచినప్పుడు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రుల్లో చాలామంది మనసులో అదే ఉందని నాకు తెలుసు.

పని ఎలా పంచుకుంటారో ముందు చెబుతాను. ఫిజికల్ థెరపిస్ట్ కావాలంటే ఇప్పుడు డిగ్రీ అయ్యాక ఇంకో మూడేళ్ళు డాక్టరేట్ చదవాలి. కొత్తగా వచ్చిన పేషెంటును పరీక్ష చేసేది, ఇబ్బంది ఎక్కడుందో తేల్చేది, ఏ వ్యాయామం ఎన్ని వారాలు, గమ్యం ఏమిటి అని ప్లాన్ రాసేది పీటీ. ఆ ప్లాన్‌ను పేషెంటుతో చేయించేది పీటీఏ. కీలు ఎంత వంగుతోంది, ఎంత దూరం నడిచారు, నొప్పి ఎంత అని కొలిచి రాసేది కూడా పీటీఏనే. పేషెంటు తట్టుకోలేకపోతే పీటీఏ ఆ రోజు పని తగ్గించవచ్చు, విశ్రాంతి ఇవ్వవచ్చు, పూర్తిగా ఆపేయవచ్చు. ప్లాన్‌లో ఉన్నంత మేరకు ముందుకు తీసుకెళ్ళవచ్చు. దాన్ని దాటి పెంచడానికి మాత్రం అధికారం లేదు. ప్లాన్ మార్చాలంటే పీటీ మార్చాలి.

వినడానికి తేలికగానే ఉంది. ఈ గీత ఎక్కడుందో చేతికి నేర్పడానికి మాకు రెండేళ్ళు పడుతుంది.

ఈ వృత్తి ఎలా వచ్చిందో రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను తిరిగి నడిపించడానికి ఇక్కడ ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణ ఇచ్చినవాళ్ళలో ముఖ్యురాలు మేరీ మెక్‌మిలన్. 1921లో వృత్తి సంఘం ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ తర్వాత పోలియో రోజులు వచ్చాయి, పని పెరిగింది. 1965లో మెడికేర్ చట్టం వచ్చి, 65 ఏళ్ళు దాటినవాళ్ళ వైద్యం ఖర్చును ప్రభుత్వం భరించడం మొదలయ్యేసరికి థెరపిస్టులు ఏమూలకూ చాలలేదు. 1967లో సంఘం ఈ అసిస్టెంట్ వృత్తిని ఒప్పుకుంది. ఫ్లోరిడాలో మయామీ డేడ్ కాలేజీ, మిన్నెసోటాలో తర్వాత సెయింట్ కేథరిన్ కాలేజీలో కలిసిపోయిన సెయింట్ మేరీస్ జూనియర్ కాలేజీ, ఈ రెండు చోట్లా మొదలుపెట్టారు. 1969లో బయటికి వచ్చిన మొదటి బ్యాచ్ రెండూ కలిపి 15 మంది.

మన ఆంధ్రలో, తెలంగాణలో ఈ మెట్టు పెద్దగా కనబడదు. చాలాచోట్ల ఫిజియోథెరపిస్టే అన్నీ చూసుకుంటారు. మంచం మీంచి లేపడం, బాత్రూముకు నడిపించడం చాలాసార్లు వార్డుబాయ్ మీదో ఇంట్లో కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. మా నాయనమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు మా అమ్మే లేపేది. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపేది. ప్రేమతోనే చేసింది, ఎవరూ చెప్పలేదు కాబట్టి అలా చేసింది. పక్షవాతంలో భుజం చుట్టూ ఉన్న కండరాలు పట్టు వదిలేస్తాయి. ఆ చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది, తర్వాత నెలల తరబడి నొప్పి. నాయనమ్మ పోయేదాకా ఆ భుజం నొప్పి అంటూనే ఉండేది. ఇక్కడ రెండో సెమిస్టర్‌లో ఆ పాఠం వచ్చిన రోజు నేను క్లాసు మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయాను.

అందుకే నా క్లాసులో పిల్లలు మొదట నేర్చుకునేది ఎక్కడ పట్టుకోకూడదో. ఆ తర్వాతే ఎక్కడ పట్టుకోవాలో.

కోర్సు సాధారణంగా ఐదు సెమిస్టర్లు ఉంటుంది. అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ళ కాలేజీ డిగ్రీ వస్తుంది. చేరే ముందు అనాటమీ, ఫిజియాలజీ, ఇంగ్లిష్, సైకాలజీ లాంటి సబ్జెక్టులు పూర్తి చేసి ఉండాలి. మన పిల్లలు పుస్తకం చదువులో గట్టివాళ్ళే. కండరాల పేర్లన్నీ గడగడా అప్పజెబుతారు. ల్యాబ్‌లోకి వచ్చేసరికి అసలు సంగతి మొదలవుతుంది. "తుంటి ఎముక పక్కన బయటికి పొడుచుకొచ్చిన భాగం చూపించు" అంటాను. బొమ్మ మీద చూపిస్తారు. "నీ పక్కనున్న అమ్మాయి మీద వెతుకు, ముందు ఆ అమ్మాయి అనుమతి అడుగు" అంటాను. అక్కడ ఆగిపోతారు.

ల్యాబ్‌కు నిక్కరు, చేతుల్లేని బనీను వేసుకోవాలి. భుజం, మోకాలు కనబడకపోతే నేర్చుకోవడం కుదరదు. ఒక తెలుగు అమ్మాయి వాళ్ళమ్మగారు నా ఆఫీసుకు వచ్చి, ఈ బట్టలు తప్పదా అని అడిగారు. ఆవిడ అడగడం తప్పని నేను అనుకోలేదు. మా ల్యాబ్‌లో దుప్పటి కప్పడం కూడా ఒక పాఠం అని చెప్పాను. ఏ భాగం మీద పని చేస్తామో అంతే తెరిచి మిగతాది కప్పి ఉంచాలి. ఎవరి మీద చెయ్యి వేయాలన్నా ముందు అడగాలి. ఎవరైనా వద్దంటే కారణం అడగకూడదు. దానికి కూడా మార్కులున్నాయి. ఆవిడ ఒక రోజు వచ్చి ల్యాబ్ చూసి వెళ్ళారు. ఆ అమ్మాయి ఇప్పుడు నాలుగో సెమిస్టర్‌లో ఉంది.

ఇదిగో, ఇది గోనియోమీటర్. పిల్లల కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టుంటుంది. మోకాలు ఎంత వంగుతోందో దీంతో కొలుస్తాం. మధ్యబిందువు మోకాలి బయటివైపు ఎముక గుబ్బ మీద ఉండాలి. ఒక చెయ్యి తుంటి వైపు చూడాలి, ఇంకో చెయ్యి చీలమండ బయటి గుబ్బ వైపు చూడాలి. ఒక్క వేలి వెడల్పు పక్కకు జరిగిందంటే లెక్క ఐదు డిగ్రీలో ఇంకా ఎక్కువో తేడా వస్తుంది. కిందటి ఏడాది ఒక విద్యార్థి, నిన్న 95 డిగ్రీలు వంగిన మోకాలు ఇవాళ 88 మాత్రమే వంగిందని కంగారుగా వచ్చాడు. మోకాలు బిగుసుకుంటోందా, నీ చెయ్యి జారిందా అని అడిగాను. వెళ్ళి గుర్తులు మళ్ళీ తడిమి చూసి కొలిచాడు. 94 వచ్చింది. పీటీ ఈ అంకె చూసే ప్లాన్ మారుస్తుంది. చెయ్యి జారి రాసిన 88 వల్ల పాపం ఆ పేషెంటు మోకాలిని అవసరం లేకుండా ఇంకా గట్టిగా వంచేవాళ్ళు.

మోకాలి డిగ్రీల మాట వచ్చింది కాబట్టి మన పెద్దవాళ్ళ గురించి ఒకటి చెప్పాలి. మామూలుగా నడవడానికి మోకాలు 60, 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకు, కుర్చీలోంచి లేవడానికి 90, 100 దాకా కావాలి. మోకాలు మార్చిన తర్వాత ఇక్కడ 110, 120 వస్తే అందరూ సంతోషిస్తారు. కానీ మన అమ్మమ్మకు ఏం కావాలి? పూజ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఊరికి వెళ్తే గొంతుక్కూర్చోవాలి. వాటికి 120 సరిపోదు. తన కష్టం వృథా అయిందని ఆవిడ అనుకుంటుంది, ఎందుకు బాధపడుతోందో ఇక్కడి థెరపిస్టుకు అర్థం కాదు. ఆ ఇద్దరి మధ్యా నిలబడి, "అమ్మా, పూజకు పీట బదులు కుర్చీ వేసుకుందాం" అని మెల్లగా చెప్పగలిగే మనిషి ఉంటే ఎంత మేలో నేను కళ్ళారా చూశాను.

ఇంకా ముఖ్యమైంది నొప్పి మాట. ఇక్కడ నొప్పిని సున్నా నుంచి పది దాకా ఒక అంకెతో చెప్పమంటారు. మన పెద్దవాళ్ళు ఏమంటారు? "పర్వాలేదమ్మా." అడిగిన ప్రతిసారీ అదే మాట. మొహం చూస్తే కళ్ళ చివర నీళ్ళుంటాయి. నిజానికి నొప్పి గురించి మన భాషలో ఉన్నన్ని మాటలు ఆ అంకెల్లో లేవు. పోటు, సలుపు, తీపు, మంట, తిమ్మిరి, పీకడం, గుంజడం, పట్టేయడం, జివ్వుమనడం. నడుం నుంచి కాలిదాకా జివ్వుమని లాగిందంటే నేను నరం గురించి ఆలోచిస్తాను. పట్టేసిందంటే కండరం గురించి ఆలోచిస్తాను. ఖాయంగా అదేనని చెప్పలేం, కానీ పీటీకి చెప్పాల్సిన కబురు ఆ మాటలోనే ఉంటుంది. తెలుగు తెలిసిన నా విద్యార్థులకు చెబుతాను: తెలుగు పెద్దవాళ్ళు వచ్చినప్పుడు అంకె అడగండి, ఆ తర్వాత "ఎలా నొప్పి పెడుతోందమ్మా" అని అడిగి, వాళ్ళన్న మాటను అలాగే రాసి, పక్కన ఇంగ్లిష్‌లో అర్థం రాయండి.

ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్ష గురించి. మా కోర్సులో పిల్లలకు అన్నిటికంటే టెన్షన్ ఇదే. అందులో ఒక రోజు చెబుతాను, నాకు బాగా గుర్తుంది.

ఆ బ్యాచ్‌లో మొదటి ర్యాంకు అమ్మాయి. ఎడమవైపు పక్షవాతం వచ్చిన మనిషిగా క్లాస్‌మేట్ నటిస్తాడు. అతన్ని వీల్‌చైర్‌లోంచి మంచం మీదికి మార్చాలి. అమ్మాయి వచ్చింది, చేతులు కడుక్కుంది, పేరు, పుట్టినతేదీ అడిగి సరిచూసుకుంది. ఏం చేయబోతున్నామో వివరంగా చెప్పింది. వీల్‌చైర్‌ను అతని బలమైన వైపు మంచానికి దగ్గరగా ఉండేలా ఏటవాలుగా పెట్టింది. కాళ్ళ పలకలు పైకి మడిచింది. నడుముకు బెల్టు కట్టి, బిగువు చూసింది. బెల్టును అరచెయ్యి పైకి ఉండేలా కింది నుంచి పట్టుకుంది, అదే సరైన పట్టు. బలహీనమైన మోకాలికి తన మోకాలు అడ్డం పెట్టింది. "మూడు అనగానే లేద్దాం" అంది. చూడముచ్చటగా ఉంది.

వీల్‌చైర్‌కు కుడి బ్రేకు వేసింది. ఎడమ బ్రేకు వేయలేదు.

ఆమె రెండు అనే లోపే నేను ఆపేశాను. మా మార్కుల కాగితంలో భద్రత కింద కొన్ని గళ్ళుంటాయి. అందులో ఒక్కటి తప్పినా మిగతా మార్కులు ఎన్నున్నా ఫెయిల్. "మేడమ్, మిగతావన్నీ కరెక్టే కదా" అంది, గొంతు వణుకుతోంది. నేనేం చెప్పలేదు. ఆ కుర్చీలో నేనే కూర్చుని, లేవబోతూ చేతులతో నొక్కాను. ఒక చక్రం ఆగి, ఇంకో చక్రం కదిలి, కుర్చీ గిర్రున తిరిగి నా కిందినుంచి తప్పుకుంది. నేను పడబోతున్నానని తెలుసు కాబట్టి మంచం పట్టుకున్నాను. పక్షవాతం వచ్చిన మనిషికి అంత చప్పున పట్టుకోవడం కుదరదు. ఆ అమ్మాయి ఏడ్చింది, నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా ఆ నిబంధన సడలించను. వారం తర్వాత మళ్ళీ పరీక్ష పెడితే, రెండు బ్రేకులూ వేసి, చక్రాలను చేత్తో ముందుకీ వెనక్కీ కదిపి చూసి మరీ మొదలుపెట్టింది.

క్లాసులో ఇన్ని నేర్చుకున్నాక క్లినికల్‌కు పంపుతాం. ఆసుపత్రులు, రిహాబ్ సెంటర్లు, నర్సింగ్ హోములు, బయట క్లినిక్‌లు. కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ క్యాప్టీ. అది పెట్టిన లెక్క ప్రకారం కోర్సు మొత్తంలో 520 నుంచి 720 గంటలు క్లినికల్ ఉండాలి. అక్కడ అనుభవమున్న పీటీనో పీటీఏనో పక్కనే ఉండి నేర్పుతారు.

అలా వెళ్ళిన ఒక కుర్రాడి సంగతి. పెద్దగా మాట్లాడడు, మార్కులు కూడా అంతంతమాత్రమే. మోకాలు మార్చి పది రోజులైన పెద్దాయన వచ్చారు. ప్లాన్‌లో వ్యాయామాలు, వాకర్‌తో నడక రాసున్నాయి. ఆయన సరదా మనిషి, "పద బాబూ, ఇవాళ రెండు రౌండ్లు కొడదాం" అన్నారట. కుర్రాడు మేజోడు తీస్తుంటే పిక్క బిగుతుగా అనిపించింది. రెండో పిక్క కూడా పట్టి చూశాడు. ఒకటి చల్లగా ఉంది, ఒకటి వెచ్చగా ఉంది. టేపు పెట్టి రెండూ ఒకే ఎత్తులో కొలిచాడు. మూడు సెంటీమీటర్ల పైన తేడా వచ్చింది. టేపు పక్కన పెట్టి, వ్యాయామం మొదలుపెట్టలేదు. పిక్క నొక్కలేదు, మర్దన చేయలేదు. పెద్దాయన, "ఏమైంది?" అని అడిగారు. కుర్రాడు అన్న మాట ఆ రోజు పక్కనున్న థెరపిస్టు నాకు చెప్పింది: "ఈ పిక్క ఆ పిక్క కంటే వాచి ఉంది, వెచ్చగా ఉంది. మా పీటీని పిలుస్తాను, మీరు కదలకుండా ఉండండి."

ఆ మాటను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. రక్తం గడ్డకట్టిందని అతను అనలేదు. అలా చెప్పే అధికారం అతనికి లేదు. ఏమీ లేదులెండి అని కూడా అనలేదు. అలా అనడానికి అసలు ఎవరికీ హక్కు లేదు. చూసింది చూసినట్టు చెప్పి, చూడాల్సిన మనిషిని పిలిచాడు. పీటీ వచ్చి చూసి సర్జన్‌కు ఫోన్ చేసింది, ఆ సాయంత్రమే స్కాన్ తీశారు. రక్తం గడ్డకట్టే ఉంది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. పెద్దాయనకు మందులు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు మళ్ళీ అదే కుర్రాడి దగ్గరికి వచ్చి ఆ రెండు రౌండ్లూ నడిచారు.

ఇంత చెప్పాను కాబట్టి నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ప్రతి బ్యాచ్‌కూ క్లినికల్‌కు పంపే ముందు ఇది చెబుతాను.

లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది. భుజంలో తెగిన కండరానికి కుట్లు వేసిన ఒకావిడ వచ్చేది. నాలుగో వారం. ప్లాన్‌లో ఏముందంటే, ఆవిడ చేతిని నేనే కదపాలి, ఆవిడ సొంత బలంతో ఎత్తకూడదు. ఆవిడకు నొప్పి బాగా తగ్గింది, "ఎత్తనా, ఎత్తనా" అని అడిగేది. నేను చూస్తే చెయ్యి తేలికగా కదులుతోంది. "సరే, మెల్లగా ఎత్తండి" అన్నాను. పది సార్లు ఎత్తించాను. ఇద్దరం సంతోషించాం. ఆ రాత్రి ఆవిడ నొప్పితో నిద్రపోలేదు. కుట్టిన కండరం ఎముకకు అతుక్కోవడానికి వారాలు పడుతుంది, నొప్పి మాత్రం అంతకంటే ముందే తగ్గిపోతుంది. నొప్పి లేదంటే మానిందని అర్థం కాదు. పుస్తకంలో ఇది నేను చదివే ఉన్నాను. అదృష్టం, కుట్లు ఊడలేదు.

మర్నాడు మా పీటీ నన్ను కూర్చోబెట్టుకుని, కోప్పడకుండా ఒకటే అడిగింది, "నన్ను ఎందుకు అడగలేదు?" అని. "అడగాలన్న అనుమానం నాకు రాలేదు" అన్నాను. నిజం అదే. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పేషెంటుకు నేనే ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పి, క్షమించమని అడిగాను.

మా నాన్నగారి ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు దొరికింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషిని తయారు చేయాలంటే ఆరు వారాలు చాలు. పేషెంటు ఉత్సాహం, తన ఉత్సాహం, రెండూ ఒకే వైపు లాగుతున్నప్పుడు చెయ్యి ఆపగలిగే మనిషిని తయారు చేయడానికి రెండేళ్ళు పడుతోంది, నాన్నా, అని చెప్పాను. ఆయనకు అర్థమైంది.

ఇక డబ్బు, వీసా సంగతులు. ఇవి దాచి చెబితే నేను మీకు అన్యాయం చేసినట్టు. కోర్సు అయ్యాక జాతీయ పరీక్ష రాయాలి. ఏడాదికి నాలుగుసార్లు పెడతారు. 200 నుంచి 800 స్కేలు మీద 600 రావాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు మించి రాయనివ్వరు, జీవితం మొత్తం మీద ఆరుసార్లే. క్యాప్టీ గుర్తింపు లేని కోర్సులో చేరితే ఆ పరీక్ష రాయడమే కుదరదు, కాబట్టి ఫీజు కట్టే ముందు కాలేజీ పేరు క్యాప్టీ జాబితాలో వెతకండి. ఆ తర్వాత మీరున్న రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. జీతం మధ్యస్థంగా ఏడాదికి 60 వేల డాలర్లు దాటి ఉంది. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చి చూడకండి, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ ఫీజుతో పోల్చి చూడండి.

ఒక బాధ కూడా ఉంది. 2022 నుంచి, ఆసుపత్రిలో చేరకుండా వచ్చి వెళ్ళే పేషెంట్లకు పీటీఏ చేసిన థెరపీకి మెడికేర్ మామూలు రేటులో 85 శాతమే ఇస్తోంది. పేషెంటు అదే, వ్యాయామం అదే, డబ్బు తక్కువ. కొన్ని చోట్ల దీనివల్ల పీటీఏలకు గంటలు తగ్గిస్తున్నారు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, మా వృత్తిలో చాలామంది అభిప్రాయం కూడా అదే.

వీసా మీద ఉన్నవాళ్ళు బాగా వినండి. హెచ్-1బీ ఉద్యోగ వీసాకు కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ అవసరమైన ఉద్యోగం కావాలి. పీటీఏకు అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి మామూలుగా ఆ దారి మూసుకుపోయినట్టే. గ్రీన్ కార్డులో ఫిజికల్ థెరపిస్టులకూ నర్సులకూ ఉన్న 'షెడ్యూల్-ఏ' (కొరత ఉన్న వృత్తుల జాబితా) వెసులుబాటు పీటీఏలకు లేదు. హెచ్-4 మీద, అంటే భర్త హెచ్-1బీ మీద ఆధారపడిన వీసా మీద ఉన్న చెల్లెళ్ళు, మీకు పని అనుమతి కార్డు ఉందా, ఎన్నాళ్ళుంటుంది అన్నది చూసుకోకుండా ఈ కోర్సుకు డబ్బు కట్టకండి. చదువు పూర్తి చేసి లైసెన్సు చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్న అమ్మాయి నాకు తెలుసు. అలాగే ఇండియాలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి వచ్చినవాళ్ళు ముందు తమ చదువుకు ఇక్కడ విలువ కట్టించుకుని, పీటీ లైసెన్సు దారి చూడండి. తొందరపడి మెట్టు దిగొద్దు. ఇంకొకటి, పీటీఏ చదివితే తర్వాత రెండేళ్ళలో పీటీ అయిపోవచ్చని కొందరు చెబుతారు. అలాంటి వంతెన కోర్సులు ఈ దేశం మొత్తంలో చాలా కొద్ది. మామూలుగా బ్యాచిలర్స్ చేసి, మళ్ళీ డాక్టరేట్‌కు వెళ్ళాల్సిందే.

ఇక్కడ ఉన్న పెద్దవాళ్ళ కోసం ఒక కొలత చెప్పి ఆపుతాను. కుర్చీలోంచి లేచి, పది అడుగులు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. ఎప్పుడూ నడిచే నడకే, పరుగు వద్దు. చేతికర్ర వాడేవాళ్ళు కర్రతోనే. పన్నెండు సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే, పడిపోయే ముప్పు ఉందేమో డాక్టరుకు చూపించుకోవాలి. పిల్లలూ, మీ అమ్మమ్మకో తాతయ్యకో ఇది ఇవాళ ఇంటికి వెళ్ళి చేయించండి. ఫోన్లో టైమర్ ఉంటుంది. ఒకరు టైమ్ చూడాలి, ఇంకొకరు పక్కనే కాస్త వెనకగా నడవాలి. చెయ్యి పట్టుకోవద్దు, పట్టుకునేంత దగ్గరలో ఉండాలి.

అదెలాగో ఇప్పుడు చూపిస్తాను. రెండో వరసలో నీలం చొక్కా బాబూ, నువ్వు రా. అమ్మా, మీరు కూడా, వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. కంగారు లేదు, కొంగు కాస్త బొడ్లో దోపుకోండి. బాబూ, మీ నాయనమ్మ అనుకో. ముందు ఏం చేస్తావు? ఆఁ, కరెక్ట్. అనుమతి అడుగు.